నిజానికి సాక్ష్యం కావాలా?

(జిమల్‌గట్టలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్య ప్రాముఖ్యం గురించి మాట్లాడమన్నారు. విద్య ప్రాముఖ్యం తెలియనివారైతే పని మానుకొని, బస్సెక్కి ఇంత దూరం రారు. కాబట్టి ఆ విషయం మీకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు. పొద్దున ఇక్కడ దరఖాస్తులు సరిచూస్తున్నప్పుడు ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. ఆ అమ్మాయి చేతిలో ఒక సంచి నిండా కాగితాలున్నాయి. ఇంకా రెండు కాగితాలు తక్కువయ్యాయని చెప్పగానే, ఆమె విసుగుతో అంది: “సార్, నేను ఎవరి బిడ్డనో ఊరందరికీ తెలుసు. ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. నిజానికి కూడా సాక్ష్యం కావాలా?”

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మన పెద్దలు ‘నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు’ అన్నారు. మంచి మాట. కాని మీ అడ్మిషన్ ఫారం చూసేది దేవుడు కాదు. ఎక్కడో నాగపూర్‌లోనో, పుణేలోనో కూర్చున్న ఒక గుమాస్తా. ఆయన మన ఊరు చూడలేదు. మన తాతల పేర్లు వినలేదు. ఆయనకు తెలిసేదెలా? మొత్తం చిక్కంతా ఇక్కడే ఉంది.

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. నిజం నిజంగా ఉండడానికి సాక్ష్యం అక్కరలేదు. దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్ళనక్కరలేదు. మన సిరొంచ తాలూకాలో పోచంపల్లి అనే ఊరుంది. కలకత్తాలోని భారత గణాంక సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 1958 నుండి 1961 వరకు అక్కడి నేలలో తవ్వి పెద్ద పెద్ద ఎముకలు తీశారు. అవి ఒక రాక్షసబల్లివి. దాదాపు 18 కోట్ల సంవత్సరాల కిందటివని అంచనా. రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి జ్ఞాపకంగా దానికి ‘బరాపసారస్ టాగోరై’ అని పేరు పెట్టారు. బరా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది. గోదావరి అవతల యామనపల్లి దగ్గర దొరికిన మరో రాక్షసబల్లికి మన కోట గ్రామం పేరు మీదనే ‘కోటసారస్’ అని 1988లో పేరు పెట్టారు. దాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు.

అన్ని కోట్ల సంవత్సరాలు ఆ ఎముకలు మన కాళ్ళ కింద ఉన్నాయి. ఎవరూ చూడలేదని అవి అబద్ధం కాలేదు. సాక్ష్యం లేనందువల్ల నిజానికి వచ్చిన లోటేమీ లేదు. లోటు వచ్చింది మనకు. తవ్వి తీసేవరకు ఆ నిజం ఉన్నదని మనకు తెలియలేదు.

ఇంకొక సంగతి గమనించండి. ఎముకలు దొరికిన వెంటనే శాస్త్రజ్ఞులు ఇదీ అని ప్రకటించలేదు. ఒక్కొక్క ఎముకనూ శుభ్రం చేసి, కొలిచి, ఇతర జంతువుల ఎముకలతో పోల్చి, 1975లో దాని వర్ణన ప్రచురించారు. దాని తల ఎముక మాత్రం దొరకలేదు. దొరకలేదనే రాశారు. దొరికినంత వరకే చెప్పడం, దొరకనిది దొరకలేదనడం కూడా సాక్ష్యంలో భాగమే. విద్యార్థులు ఈ పద్ధతి నేర్చుకోవాలి.

గణితంలోనూ అంతే. శ్రీనివాస రామానుజన్ 1913లో కేంబ్రిడ్జిలోని ప్రొఫెసర్ హార్డీకి ఉత్తరం రాశారు. అందులో వందకు పైగా ఫలితాలున్నాయి, నిరూపణలు లేవు. చాలావరకు అద్భుతమైన నిజాలు. కాని ప్రధాన సంఖ్యలను గురించి ఆయన నమ్మకంగా రాసిన కొన్ని తప్పని తర్వాత తేలింది. రాసినవాడు అంతటి మేధావి, అబద్ధమాడేవాడు కాదు. అయినా పొరబాటు పడ్డాడు. అంటే సాక్ష్యం అడగడం ఎదుటివాణ్ణి దొంగ అనడం కాదు. నిజాయితీపరుడు కూడా పొరబడవచ్చు గనుక అడుగుతాం. ఈ మాట పొద్దున ప్రశ్న అడిగిన అమ్మాయికి నా మొదటి జవాబు.

ఇక మన కాగితాల సంగతికి వద్దాం. ఊళ్ళో ఎవరూ ఎవరినీ సాక్ష్యం అడగరు. ఫలానావారి మనవడంటే చాలు, అంగట్లో ఉప్పు పప్పు అప్పుగా ఇస్తారు. ఎరిగినవాళ్ళ మధ్య సాక్ష్యం అక్కరలేదు. ఎరగనివాళ్ళ మధ్యనే కావాలి. చదువు కోసం ఊరు దాటిన రోజునే మనం ఎరగనివాళ్ళ మధ్యకు వెళుతున్నాం. కాగితం ఒక వంతెన వంటిది. ఈవలి ఒడ్డున ఉన్న నిజాన్ని ఆవలి ఒడ్డున ఉన్నవాడికి చేరవేస్తుంది. వంతెన లేకపోతే నిజం ఈవలి ఒడ్డునే ఉండిపోతుంది.

మహారాష్ట్రలో ఈ వంతెనకు ఒక చట్టముంది. కుల ధ్రువపత్రాల జారీకి, పరిశీలనకు 2000లో చేసిన చట్టం 2001 అక్టోబరు 18 నుండి అమలులోకి వచ్చింది. దాని 8వ సెక్షన్ ప్రకారం తాను ఫలానా కులానికి లేదా తెగకు చెందినవాడినని రుజువు చేసుకునే భారం అడిగినవాడి మీదే ఉంటుంది. నేరం మోపబడినవాడి విషయంలో నేరం జరిగిందని రుజువు చేయవలసింది ప్రభుత్వం. ఇక్కడ అలా కాదు. మీరు అడుగుతున్నారు గనుక మీరే చూపాలి. షెడ్యూల్డు కులాలవారు 1950 ఆగస్టు 10కి, షెడ్యూల్డు తెగలవారు 1950 సెప్టెంబరు 6కి, విముక్త, సంచార జాతులవారు 1961 నవంబరు 21కి, ఇతర వెనుకబడిన తరగతులవారు 1967 అక్టోబరు 13కి ముందు నుండి తమ కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు చూపాలి. తల్లిదండ్రులు ఈ తేదీలలో తమకు వర్తించేదాన్ని ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి.

ఈ తేదీలు అందరికీ ఒకటే. కాని మన ప్రాంతంవారికి ఇవి మరీ కష్టం. కారణం మన చరిత్ర. సిరొంచ ప్రాంతం ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేది. 1860లో బ్రిటిషువారి చేతికి వచ్చింది. సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైంది. 1874లో ఆ జిల్లాను రద్దు చేసి సిరొంచను చాందా జిల్లాలో కలిపారు. 1956 వరకు మనం నాగపూర్ రాజధానిగా ఉన్న రాష్ట్రంలో ఉన్నాం. తర్వాత బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుండి మహారాష్ట్ర. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా ఏర్పడింది. మనం కదలలేదు, మన మీద గీతలు కదిలాయి. గీత కదిలిన ప్రతిసారీ కాగితాల మూటలు ఒక కచేరీ నుండి మరొక కచేరీకి వెళ్ళాయి.

దీనికి తోడు భాష. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగులో పలికే కులం పేరు మరాఠీ రిజిస్టరులోకి వచ్చేసరికి చివర ‘వార్’ చేరుతుంది, లేదా మధ్యలో ఒక అక్షరం మారుతుంది. ఇంటిపేరుకూ అదే గతి. ప్రాణహిత ఆవలి ఒడ్డున ఉన్న అన్నదమ్ముల ఇంటిపేరు ఒకలా, ఈవలి ఒడ్డున ఉన్నవారి ఇంటిపేరు ఇంకొకలా కనిపిస్తుంది. రక్తం ఒకటే, రాత రెండు. చదివేవాడు రాతనే చదువుతాడు.

నది దాటితే రాత మాత్రమే కాదు, చట్టం కూడా మారుతుందని ఒక తెలుగు విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి తండ్రి ఉద్యోగరీత్యా చిన్నతనంలోనే ఆంధ్రప్రదేశ్ నుండి బొంబాయికి వచ్చాడు. అతని దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చిన షెడ్యూల్డు తెగ ధ్రువపత్రముంది. దాని ఆధారంగా మహారాష్ట్రలో వైద్య కళాశాల సీటు కోరాడు. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొందినవారు మరో రాష్ట్రానికి వలస వెళితే అక్కడ అదే హోదాను కోరలేరని 1990లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ విద్యార్థి పత్రం దొంగది కాదు. కాని ఇక్కడ అడిగిన ప్రశ్న వేరు, ఆ పత్రం జవాబు చెప్పిన ప్రశ్న వేరు. నది ఆవలి బంధువుల ధ్రువపత్రం తెచ్చి ఇక్కడ జత చేసేవారు ఈ తేడా తెలుసుకోవాలి. ఆ కాగితం మీ వంశాన్ని చూపడానికి ఒకవేళ పనికిరావచ్చు. ఈ రాష్ట్రంలో హక్కు మాత్రం ఇక్కడి జాబితా ప్రకారమే.

మరి ఎటువంటి సాక్ష్యానికి విలువ ఎక్కువ? దీని వెనుక ఒక మంచి తర్కముంది. వివాదం పుట్టకముందే, లాభం ఆశించని సమయంలో, సంబంధం లేని మనిషి రాసిన రాతకు విలువ ఎక్కువ. 1935లో మీ ముత్తాత కొడుకు పుడితే గ్రామ కొత్వాలు పుస్తకంలో రాసినవాడికి, రేపు ఈ ఇంట్లో ఒక పిల్ల ఇంజనీరింగు సీటు అడుగుతుందని తెలియదు. అందుకే ఆ రాతను నమ్ముతారు. 2011లో ఆనంద్ కేసులోనూ, 2023 మార్చి 24న ఆదివాసీ ఠాకూర్ జమాత్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్వాతంత్ర్యానికి, రాజ్యాంగానికి ముందునాటి పత్రాలకు ఎక్కువ విలువ ఇవ్వాలంది. ఆచార వ్యవహారాలు అడిగి తేల్చే పరీక్ష ఒక్కదానితోనే నిర్ణయించరాదంది. ఎందుకంటే చదువుకొని పట్నం చేరిన పిల్లవాడికి తాతల నాటి పెళ్ళి పాటలు రాకపోవచ్చు. పాట రానంత మాత్రాన పుట్టుక మారదు గదా! అలాగే తండ్రి వైపు రక్త సంబంధీకులలో ఒకరికి సరైన విచారణ జరిపి వ్యాలిడిటీ ఇచ్చి ఉంటే దానికీ విలువ ఉంటుంది. అంటే ఒక ఇంట్లో ఒకరు కష్టపడి సాధించిన కాగితం తర్వాతివారందరికీ దారి చూపుతుంది.

ఇది నేను పుస్తకాలలో చదివి చెప్పడం లేదు. మా తమ్ముడికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. వ్యాలిడిటీ కోసం వెళితే మా నాయన బడి దాఖలాలో కులం ఒక రకంగా, తాత భూమి కాగితంలో ఇంకొక రకంగా ఉంది. తాత పేరు ఒకచోట లచ్చయ్య, మరొకచోట లక్ష్మణ్. ఆయన ప్రాణహిత దాటి ఏ సంవత్సరం వచ్చాడంటే ‘పెద్ద కరువు తర్వాత’ అనేవాడు తప్ప సంవత్సరం చెప్పలేడు. ఒక కార్యాలయంలో మా నాయన చేతులు జోడించి “అయ్యా, నేను అబద్ధం చెప్పడం లేదు” అన్నాడు. అక్కడి మనిషి తలెత్తకుండానే “నువ్వు అబద్ధం చెబుతున్నావని నేనూ అనలేదు, కాగితం తే” అన్నాడు. గడువు దాటింది, సీటు పోయింది.

రెండేళ్ళ తర్వాత ఒక పాత రికార్డు గదిలో మా పెద్దనాయన పుట్టుక రాసిన కొత్వాలు పుస్తకం పేజీ దొరికింది. కులం, తాత పేరు, ఊరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. వ్యాలిడిటీ వచ్చింది. కాని అప్పటికే తమ్ముడు మంచిర్యాలలో ఒక దుకాణంలో పనికి కుదిరాడు. మళ్ళీ చదవలేదు. ఆ రెండేళ్ళూ మా నిజం నిజంగానే ఉంది. ‘నిజం నిలకడ మీద తెలుస్తుంది’ అంటారు. తెలిసింది కూడా. కాని అంతవరకు సీటు ఆగలేదు. ఈ రోజు వాడి కూతురు అదే కాగితం ఆధారంగా నర్సింగు చదువుతోంది. నాకు అంతమాత్రం సంతోషం ఉంది.

అయితే కాగితం లేనివాడు అబద్ధాలకోరని అనుకోవడం మరో తప్పు. చదువు రాని తరాలకు కాగితం ఎక్కడి నుండి వస్తుంది? ఈ సంగతిని గుర్తించిన చట్టం కూడా మన దేశంలో ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2008 జనవరిలో వచ్చిన నియమాలలో, హక్కు కోరేవారు కాకుండా ఊరి ఇతర పెద్దలు చెప్పి రాయించిన మాటను కూడా సాక్ష్యంగా చేర్చారు. ఇల్లు, గట్టు, బావి, శ్మశానం, దేవుడి గద్దె కూడా సాక్ష్యమే. వీటిలో ఒకటి చాలదు, ఒకటికి మించి చూపాలి. ఈ చట్టం కిందనే మన జిల్లాలోని ధానోరా తాలూకా మేండా లేఖా గ్రామం 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందింది. దేశంలోనే మొట్టమొదట అటువంటి హక్కు పొందిన ఊళ్ళలో అది ఒకటి. ఆ ఊరివారు గ్రామసభలో కూర్చొని అందరూ ఒప్పుకున్న తర్వాతనే నిర్ణయాలు చేసే అలవాటు ఎన్నో ఏళ్ళ ముందు నుండి పెట్టుకున్నారు. ముసలవ్వ మాట సాక్ష్యం కావాలంటే ఆ మాట వినే సభ ఒకటి ఉండాలి.

ఇక తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. నిజం ఉండి సాక్ష్యం లేకపోవడం కష్టం. సాక్ష్యం ఉండి నిజం లేకపోవడం ప్రమాదం. డబ్బిస్తే కాగితం పుట్టిస్తామనే దళారులు అన్నిచోట్లా తిరుగుతున్నారు. పిల్లవాడి మేలు కోసమే గదా అని ఒక్క అడుగు వేస్తే, ఆ అడుగు పిల్లవాడి మెడకే చుట్టుకుంటుంది. 2017 జులైలో భారత ఆహార సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఖండితంగా చెప్పింది. ధ్రువపత్రం చెల్లదని తేలితే దాని మీద పొందిన సీటు గాని ఉద్యోగం గాని నిలవదు. మోసం చేయాలనే ఉద్దేశం నాకు లేదన్నా వినరు. ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేశాక కూడా పోవచ్చు. పైగా దొంగ కాగితంతో పోయే సీటు ఎవరిదో ఆలోచించండి. మన వంటి మరొక ఊళ్ళో, నిజం చేతిలో పెట్టుకొని కాగితం కోసం తిరుగుతున్న మరొక బిడ్డది. దొంగ సాక్ష్యాలు పెరిగినకొద్దీ నిజమైనవారిని కూడా అనుమానంగా చూస్తారు. మా నాయన ఆ కార్యాలయంలో నిలబడవలసి రావడానికి ముందు ఎవరో కొందరు దొంగ కాగితాలు ఇచ్చి ఉంటారు.

అందుచేత మీరు ఇంటికి వెళ్ళిన తర్వాత చేయవలసిన పనులు కొన్ని చెబుతాను. పిల్లలు పదో తరగతికి వచ్చేదాకా ఆగకండి. ఇంట్లో తాత, నాయనమ్మ బతికి ఉండగానే వాళ్ళను కూర్చోబెట్టి వంశావళి రాసుకోండి. ఎవరు ఎవరి కొడుకు, ఏ ఊళ్ళో పుట్టారు, ఏ బడిలో చదివారు, ఎక్కడ భూమి ఉండేది, అన్నీ రాయండి. ఆ పని పిల్లలకే అప్పగించండి. తాతలు చదివిన బడి దాఖల్ ఖారిజ్ రిజిస్టరు నకలు అడగండి. కొత్వాలు పుస్తకం, 1954–55 నాటి అధికార అభిలేఖ్, పాత సాత్‌బారా నకళ్ళు తహసీలు కచేరీలో అర్జీ పెట్టి తీసుకోండి. అడిగిన ప్రతి అర్జీకి రసీదు తీసుకోండి. ముఖ్యంగా, ఈ రోజు బడిలో చేరుతున్న పిల్లవాడి పేరు, ఇంటిపేరు, కులం ప్రతి కాగితంలోనూ ఒకే విధంగా రాయించండి. మనం రాయించే ఈ నాటి రాతే యాభై ఏళ్ళ తర్వాత మన మనవలకు పాత సాక్ష్యం. మన తాతలకు చదువు రాదు, వాళ్ళను అనలేం. మనకు వచ్చు.

విద్యార్థులకు రెండే మాటలు. మీరు రేపు చదువుకొని అధికారులవుతారు. మీ బల్ల ముందుకు ఒక ముసలాయన చేతులు జోడించి వస్తాడు. సాక్ష్యం అడగండి, తప్పదు. కాని తలెత్తి అడగండి. ఏ కాగితం కావాలో, అది ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పండి. అడిగే తీరులోనే న్యాయం సగం ఉంటుంది. రెండో మాట. మీరు వినే ప్రతి మాటకూ సాక్ష్యం అడగడం నేర్చుకోండి. గురువు చెప్పినా, పెద్దలు చెప్పినా, ఈ రోజు నేను చెప్పినా సరే. మీకు నచ్చిన మాటకైతే రెండింతలు అడగండి, ఎందుకంటే నచ్చిన మాట దగ్గరే మనం మోసపోతాం.

పొద్దున అడిగిన అమ్మాయీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది బిడ్డా. నీ నిజానికి సాక్ష్యం అక్కరలేదు. నువ్వెవరో నీకు తెలుసు, మీ ఊరికి తెలుసు, ఏ కచేరీ ముద్ర పడకపోయినా అది తగ్గేది కాదు. సాక్ష్యం కావలసింది నిన్ను ఎరగనివాడికి. తక్కువైన ఆ రెండు కాగితాలు ఎక్కడ దొరుకుతాయో సభ ముగిశాక మనం కలిసి కూర్చొని చూద్దాం. ఉపకార వేతనం గడువు నెలాఖరు వరకు ఉన్నదని కార్యదర్శిగారు ఇప్పుడే చెప్పారు. గడువు లోపలే తెద్దాం.